హెల్త్ కార్డులోని నంబరు ఏం చెప్తుంది, ఏం చెప్పదు?

బడిలో హెల్త్ చెకప్ అయిన రోజు సాయంత్రం చాలా ఇళ్ళల్లో ఒకటే తంతు. బిడ్డ సంచిలోంచి కార్డు తీసి ఇస్తుంది. అందులో ఎత్తు, బరువు, బీఎంఐ అని ఒక నంబరు, దాని పక్కన ఒక్క మాట ఉంటాయి. నార్మల్, అండర్‌వెయిట్, ఓవర్‌వెయిట్ ఇలా. కార్డు ఇంగ్లీషులో ఉంటుంది, లేకపోతే మనం ఉంటున్న రాష్ట్రం భాషలో ఉంటుంది. నాయనమ్మ మాత్రం తెలుగులోనే అడుగుతుంది, "ఏం రాశారే?" అని. చదివి చెప్పాల్సింది బిడ్డే. "లావంట" అనో "బక్కంట" అనో రెండు ముక్కల్లో తేల్చేస్తుంది.

ఇక ఆ తర్వాత మాటలు మొదలవుతాయి. లావు అని రాస్తే రాత్రి అన్నంలో ఒక ముద్ద తగ్గుతుంది. బక్క అని రాస్తే పక్కింటివాళ్ళు "ఏమ్మా, ఇంట్లో అన్నం పెట్టట్లేదా?" అంటారు. నార్మల్ అని రాస్తే కార్డు బీరువాలోకి పోతుంది, మళ్ళీ ఏడాది దాకా బయటికి రాదు. ఈ మూడు పనులూ పొరపాటే కావచ్చు. ఆ నంబరు ఎక్కడినుంచి వచ్చిందో, ఎంతవరకు నమ్మొచ్చో మన భాషలో ఒకసారి కూర్చుని చూద్దాం.

ఈ చర్చ ఇప్పుడెందుకు?

గత ఏడాదంతా ఈ విషయం వార్తల్లో ఉంది అన్నా తప్పులేదు. 2025 జనవరిలో లాన్సెట్ వైద్య పత్రికల తరఫున ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక నివేదిక ఇచ్చింది. బీఎంఐ ఒక్కటే చూసి మనిషికి ఊబకాయం ఉందని తేల్చకూడదు, నడుము చుట్టుకొలత లాంటి ఇంకో కొలత కూడా తీసుకోవాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. కొవ్వు ఎక్కువై అవయవాల పనికి, రోజువారీ పనులకు ఇప్పటికే ఇబ్బంది వచ్చినవాళ్ళను ఒక రకంగా, కొవ్వు ఎక్కువున్నా ఇంకా ఇబ్బంది రానివాళ్ళను ఇంకో రకంగా చూడాలని కూడా చెప్పారు.

ఫిబ్రవరిలో ప్రధాని తన నెలవారీ రేడియో ప్రసంగంలో ఊబకాయం గురించి మాట్లాడి, వంటనూనె వాడకం పది శాతం తగ్గించమన్నారు. మే నెలలో సీబీఎస్‌ఈ తన బడుల్లో చక్కెర గురించి బోర్డులు పెట్టమంది. జులైలో నూనె గురించి పెట్టమంది. సెప్టెంబరులో యూనిసెఫ్ చెప్పిన మాట మరీ పెద్దది. ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో ఊబకాయం ఉన్నవాళ్ళు 9.4 శాతం, బరువు తక్కువున్నవాళ్ళు 9.2 శాతం. అంటే మొదటిసారి లావు సమస్య బక్క సమస్యను దాటింది. 2000లో ఊబకాయం 3 శాతం, తక్కువ బరువు దాదాపు 13 శాతం ఉండేవి.

మన దేశంలో మాత్రం ఒకటి పోయి ఇంకొకటి రాలేదు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 18.7 శాతం మంది ఉండాల్సినంత బరువు లేరు, 24 శాతం మంది ఎక్కువ బరువున్నారు. అయిదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. కాబట్టి ఒకే తరగతిలో, ఒకే బెంచీలో రెండు రకాల పిల్లలూ కూర్చుని ఉంటారు. వాళ్ళిద్దరికీ ఒకే సలహా చెప్తే ఒకరికి తప్పకుండా నష్టమే.

లెక్క ఎట్లా పుట్టింది?

బీఎంఐ లెక్క చాలా సులువు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడమే. 60 కిలోలు, 160 సెంటీమీటర్లు ఉన్న మనిషిని తీసుకోండి. 1.6ను 1.6తో గుణిస్తే 2.56. 60ని 2.56తో భాగిస్తే 23.4.

ఈ సూత్రం కనిపెట్టింది డాక్టరు కాదు. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ కెట్లే, ఖగోళశాస్త్రం, గణాంకశాస్త్రం చదివినవాడు. 1830లలో 'సగటు మనిషి' ఎట్లా ఉంటాడో తెలుసుకోవాలని జనం కొలతలు సేకరించాడు. పెద్దవాళ్ళ బరువు ఎత్తు వర్గంతో పాటు పెరుగుతుందని గమనించాడు. ఎవరు లావు, ఎవరికి జబ్బు అన్నది ఆయన ప్రశ్నే కాదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఆ పాత సూత్రానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరుపెట్టి వాడుకలోకి తెచ్చాడు. అయిదు దేశాల్లో ఏడు వేలకు పైగా మగవాళ్ళ కొలతలు చూసి, ఎత్తు బరువులతో వేసే లెక్కల్లో ఇదే కాస్త మెరుగని చెప్పాడు. ఆ అధ్యయనంలో ఆడవాళ్ళు లేరు, పిల్లలూ లేరు.

వేలమందిని ఒకేసారి చూడాలంటే ఇది మంచి పనిముట్టే. ఖర్చు లేదు, సూది లేదు, రెండు నిమిషాల పని. పదేళ్ళలో ఒక జిల్లాలో బరువులు పెరిగాయా తగ్గాయా అని చెప్తుంది. కానీ ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. ఎందుకంటే తక్కెడకు కండ, కొవ్వు తేడా తెలియదు. రోజూ కూత పెట్టే కబడ్డీ ఆటగాడికీ, రోజంతా కుర్చీలో కూర్చునే మనిషికీ ఒకే నంబరు రావచ్చు.

మన ఒంటి సంగతి వేరు

ఈ మాటకు గట్టి సాక్ష్యం పుణె నుంచి వచ్చింది. అక్కడి డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటో వేసి ఒక పేజీ రాశారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. యంత్రంతో కొలిస్తే ఇంగ్లండు డాక్టరు ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన డాక్టరు ఒంట్లో 21.2 శాతం! నంబరు ఒకటే, లోపల సరుకు వేరు.

అదే బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డలను ఇంగ్లండులో పుట్టిన బిడ్డలతో పోల్చి చూసింది. మన బిడ్డలు సగటున 2.7 కిలోలు, వాళ్ళు 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూపుకు బక్కపలచగా, లోపల కొవ్వుతో ఉండే ఈ తీరు పుట్టుకనుంచే మొదలవుతోందన్నమాట.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటితే ఎక్కువ బరువు, 30 దాటితే ఊబకాయం అని గీత గీసినా, ఆసియావాళ్ళు 23 దగ్గరే జాగ్రత్తపడాలని 2004లో నిపుణులు సూచించారు. 2009లో మన దేశపు డాక్టర్లు కలిసి 23 నుంచి ఎక్కువ బరువు, 25 నుంచి ఊబకాయం అని నిర్ణయించారు. పైన చెప్పిన 60 కిలోల మనిషినే మళ్ళీ చూడండి. 23.4 అంటే ఒక పట్టికలో నార్మల్, ఇంకో పట్టికలో ఎక్కువ బరువు. మనిషి మారలేదు, గీత మారింది. మీ రిపోర్టు ఏ పట్టిక చూసి రాశారో అడగడం మీ హక్కు.

నూలు తాడు పరీక్ష

ప్రమాదకరమైన కొవ్వు ఎక్కువగా పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. షుగర్, బీపీ, గుండెజబ్బులకు దానితోనే దగ్గరి సంబంధం. దాన్ని పట్టుకునేది తక్కెడ కాదు, టేపు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి చేసిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెలువడింది. బీఎంఐ ప్రకారం ఊబకాయం 28.6 శాతం మందిలో ఉంటే, నడుము కొలత ప్రకారం 39.5 శాతం మందిలో ఉంది. బీఎంఐ ఒక్కటే చూస్తే ఎంతమంది జారిపోతారో ఈ తేడానే చెప్తోంది.

మన దేశంలో పెట్టుకున్న హద్దు మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80. టేపును లుంగీ కట్టుకునేచోట కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ పెట్టాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి బిగబట్టి కొలిస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

టేపు లేదా? ఒక నూలు తాడు చాలు. మీ ఎత్తుకు సరిగ్గా కత్తిరించండి. సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పండి. కొసలు కలిస్తే మీ నడుము ఎత్తులో సగంలోపే ఉంది. కలవకపోతే డాక్టరు దగ్గర ఒకసారి షుగర్, బీపీ చూపించుకోవడం మంచిది. ఇది సరదా చిట్కా కాదు. నడుము ఎత్తులో సగం దాటకూడదన్న నియమాన్ని బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో 2022లో చేర్చారు. అయిదేళ్ళు దాటిన పిల్లలకూ వాడొచ్చన్నారు. కడుపుతో ఉన్నవాళ్ళకు మాత్రం ఇది వర్తించదు.

మనకు ఇది కొత్త కూడా కాదు. మొలతాడు బిగుసుకుంటే బిడ్డ ఒళ్ళు చేసిందని పెద్దవాళ్ళు కనిపెట్టేవాళ్ళు కదా! అంగన్‌వాడీలో చంటిబిడ్డ జబ్బకు చుట్టే రంగుల టేపు కూడా ఇట్లాంటిదే. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువుంటే తీవ్రమైన పోషణ లోపం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పిల్లలకు పెద్దల పట్టిక పనికిరాదు

తల్లిదండ్రులు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. ఫోన్లో కనిపించే బీఎంఐ లెక్కలు చాలావరకు పెద్దవాళ్ళవి. పెరిగే పిల్లల ఒంట్లో కొవ్వు, కండ, ఎముక పాళ్ళు ఏటేటా మారుతుంటాయి. అందుకే పిల్లలకు వయసునుబట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్నిబట్టి వేరే చార్టులు ఉన్నాయి. అయిదేళ్ళలోపు వాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో, 5–19 ఏళ్ళవాళ్ళకు 2007లో ఇచ్చింది. మన పిల్లల డాక్టర్ల సంఘం 5–18 ఏళ్ళ భారతీయ పిల్లలకు 2015లో సొంత చార్టులు తయారుచేసింది.

ఒక ఉదాహరణ చూడండి. ఇద్దరు పదేళ్ళ మగపిల్లలు, ఇద్దరూ 138 సెంటీమీటర్ల ఎత్తు. ఒకడి బరువు 31 కిలోలు, బీఎంఐ 16.3. ఇంకొకడి బరువు 38 కిలోలు, బీఎంఐ 20. పెద్దల పట్టికలో పెడితే మొదటివాడు మరీ బక్క, రెండోవాడు నార్మల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల చార్టులో చూస్తే అంతా తలకిందులు. పదేళ్ళ మగపిల్లలకు నడిమి విలువ 16.4, కాబట్టి మొదటివాడు చక్కగా ఉన్నాడు. 18.5 దాటితే ఎక్కువ బరువు, కాబట్టి జాగ్రత్తపడాల్సింది రెండోవాడి ఇంట్లో. తప్పు పట్టిక పట్టుకుంటే బాగున్న బిడ్డకు నెయ్యి కుక్కుతాం, చూసుకోవాల్సిన బిడ్డను వదిలేస్తాం.

ఇంకో సంగతి. ఒక్క ఏడాది నంబరు ఒక ఫొటో లాంటిది. మూడు నాలుగు ఏళ్ళ నంబర్లు వరసగా పెడితే కథ తెలుస్తుంది. ఎప్పుడూ చార్టులో ఒకే గీత వెంబడి నడుస్తున్న బిడ్డ కాస్త పైనున్నా, కాస్త కిందున్నా చాలావరకు అది ఆ ఒంటి తీరు. గీత దాటి చకచకా పైకి ఎక్కుతున్నా, కిందికి జారుతున్నా అప్పుడు డాక్టరును కలవాలి. పెద్దమనిషి అయ్యే వయసులో బరువు ముందు పెరిగి, ఎత్తు తర్వాత అందుకోవడం కూడా చూస్తుంటాం. కాబట్టి పాత కార్డులు పారేయకండి. ఒక ఫైల్లో పెట్టి ఉంచండి.

కొలిచేటప్పుడే తప్పు జరిగితే?

బూట్లతో, నిండు సంచితో తూకం వేస్తే బరువు ఎక్కువ వస్తుంది. ఎత్తులో తప్పు ఇంకా చెడ్డది. 160 సెంటీమీటర్ల మనిషిని 157 అని రాస్తే అదే 60 కిలోలకు బీఎంఐ 23.4 నుంచి 24.3కు ఎగబాకుతుంది. మూడు సెంటీమీటర్ల తప్పుకు దాదాపు ఒక అంకె తేడా. ఇంట్లో సరిచూసుకోవాలంటే బూట్లు తీసి, మడమలు గోడకు ఆనించి, తిన్నగా ముందుకు చూడమనండి. నెత్తిమీద ఒక పుస్తకాన్ని గోడకు నిలువుగా తగిలేలా సమంగా పెట్టి, కింది అంచు దగ్గర పెన్సిలుతో గీయండి. తూకం యంత్రం గట్టి నేలమీద ఉండాలి. కార్డులో నంబరుకూ దీనికీ బాగా తేడా వస్తే మళ్ళీ కొలవమని టీచరును మొహమాటం లేకుండా అడగండి.

ఏం చేయాలి, ఏం అనకూడదు?

ముందు అనకూడనివి. బిడ్డ బరువు చుట్టాల ముందు, పెళ్ళిళ్ళలో, తరగతిలో చర్చకు పెట్టకండి. "బొండాం", "పుల్ల" లాంటి పేర్లు ముద్దుకైనా వద్దు. ఒళ్ళు గురించి ఎగతాళి పడ్డ పిల్లలు ఆటకు దూరమవుతారు, కొందరు దాక్కుని తింటారు, కొందరు తినడమే మానేస్తారు. అంటే వెక్కిరింపుతో మనం కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. బడిలో కూడా బరువును పైకి చదవకుండా, ఒక్కొక్కరినే పిలిచి కొలిచి కార్డులో రాయాలి. అట్లా జరగకపోతే మాకు చెప్పండి.

చేయాల్సినవి ఇంటిల్లిపాదీ కలిసి చేయాలి. ఒక్క బిడ్డ కంచంలోనే కోత పెడితే అది శిక్షలా ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని చెప్పింది. మన పళ్ళెంలో ఎంత ఉంటున్నాయి? అన్నం కొండలా, కూర చెంచాడు. అక్కడ మొదలుపెట్టొచ్చు. పప్పు, గుడ్డు, శనగలు, పెరుగు బక్కగా ఉన్న బిడ్డకూ మంచివే, బొద్దుగా ఉన్న బిడ్డకూ మంచివే. కూల్‌డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లు ఇద్దరికీ చెడ్డవే. బక్కగా ఉన్నాడు కదా అని బిస్కెట్లు పెడితే పెరిగేది కండ కాదు.

5–17 ఏళ్ళ పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్ళు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ట్యూషన్ కోసం ఆట మానిపించే ముందు ఈ మాట గుర్తుచేసుకోండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే నంబరు కోసం ఆగొద్దు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే చాలామంది మురికి అనుకుని పీచు పెట్టి రుద్దుతారు. అది ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. డాక్టరుకు చూపించండి. బిడ్డ ఉన్నట్టుండి చిక్కిపోతూ, విపరీతంగా దాహమంటూ, మాటిమాటికీ ఒంటికి వెళ్తుంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పిల్లల్లో వచ్చే షుగర్ అట్లా మొదలవుతుంది. పేల్చినట్టు గురక, కాస్త నడిస్తేనే ఆయాసం, కళ్ళు పాలిపోయి ఎప్పుడూ నీరసంగా ఉండడం కూడా చూపించుకోవాల్సినవే. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షలు, అవసరమైతే పై ఆసుపత్రిలో వైద్యం ఉచితం.

బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన దేశపు మార్కెట్లోకీ వచ్చాయి. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది డాక్టరు, అదీ బీఎంఐతో పాటు మిగతా జబ్బులు చూసి. ఫోన్లో ప్రకటన చూసి పెద్దవాళ్ళు కొనుక్కోవడం, పిల్లలకు పౌడర్లు, మాత్రలు తెప్పించడం రెండూ ప్రమాదమే.

విద్యార్థులకు ఒక మాట

మీ కార్డులో నంబరు మీకు వచ్చిన మార్కు కాదు. అందులో పాస్, ఫెయిల్ లేవు. పక్కవాళ్ళ కార్డు లాక్కుని చదవకండి, మీది మీరే భద్రంగా ఇంటికి తీసుకెళ్ళండి. ఎనిమిదో తరగతి దాటినవాళ్ళు ఈ ఆదివారం ఒక పని చేయండి. నూలు తాడు, టేపు పట్టుకుని అమ్మకు, నాన్నకు, తాతకు నడుము కొలవండి. వాళ్ళకు కార్డులు ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఎత్తు, నడుము రాసి, తెలుగులోనే వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పండి. కొసలు కలవని తాడు మీ ఇంట్లో ఎవరిదైనా ఉంటే, డాక్టరు దగ్గరికి తోడుగా వెళ్ళే బాధ్యత మీదే.

తల్లిదండ్రులు ఈ ఏటి హెల్త్ కార్డును పాత కార్డులతో కలిపి తదుపరి తల్లిదండ్రుల సమావేశానికి తీసుకురండి. ఏ చార్టు చూసి రాశారో, గీత ఎటు పోతోందో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని తెలుగులో చూద్దాం.